తిరుపతి శివారు రైలు స్టేషన్లు

తూర్పున రేణిగుంట, పడమట పాకాల. ఈ రెండు జంక్షన్ల మధ్య సుమారు 50 కిలోమీటర్ల దారిలో తిరుచానూరు, తిరుపతి, తిరుపతి వెస్ట్ హాల్ట్, చంద్రగిరి, కోటాల, ముంగిలిపట్టు, పనపాకం స్టేషన్లు ఉన్నాయి. తిరుపతికి ఉద్యోగానికో, కాలేజీకో, రుయా ఆసుపత్రికో వచ్చి సాయంత్రానికి ఊరు చేరాల్సిన జనానికి ఇవి శివారు స్టేషన్లే. రైల్వే లెక్కలో మాత్రం కావు. 2017లో స్టేషన్లను కొత్తగా వర్గీకరించినప్పుడు సబర్బన్ స్టేషన్లు, సబర్బన్ కానివి, హాల్టులు అని మూడు గుంపులు చేశారు. సబర్బన్ హోదా ముంబయి, కోల్‌కతా, చెన్నై, హైదరాబాదు లాంటి చోట్ల లోకల్ రైళ్లు నడిచే స్టేషన్లకు దక్కింది. తిరుపతి చుట్టుపక్కలవి మిగిలిన రెండు గుంపుల్లోకి పోయాయి.

తిరుమల కొండ కింది అలిపిరికి రైలు ఏనాడూ రాలేదు. తిరుపతి స్టేషన్‌లో దిగినవాళ్లు అక్కడి నుంచి నాలుగైదు కిలోమీటర్లు బస్సులోనో ఆటోలోనో దేవస్థానం వారి ఉచిత బస్సులోనో పోవాలి. ఆ తర్వాత ఘాట్ రోడ్డు, లేదంటే మూడున్నర వేల పైచిలుకు మెట్లు. రోజుకు 60 వేలకు తగ్గకుండా జనం కొండెక్కే ఊరు ఇది. 2011 జనాభా లెక్కల ప్రకారం నగరపాలక సంస్థ పరిధిలో ఉన్నది 2 లక్షల 87 వేల మంది. అంటే అయిదారు రోజుల్లోనే ఊరి జనాభా అంత మంది కొత్తవాళ్లు వచ్చి పోతారు. ఇక్కడి రైళ్ల వేళలు, ప్లాట్‌ఫారాలు, స్టేషన్ల మీద పెట్టే ఖర్చు, చివరికి బండ్ల పేర్లు కూడా ఆ వచ్చేపోయేవాళ్లను చూసి కట్టుకున్నవే. ఊళ్లో ఉండేవాళ్లు ఆ బండ్లలోనే సందు చూసుకుని ఎక్కుతున్నారు.

దారి పడిన తీరు

దక్షిణాదిలో మొదటి రైలు 1856 జులై 1న మద్రాసు రాయపురం నుంచి వాలాజా రోడ్డుకు నడిచింది. నడిపింది లండన్‌లో వాటాలు అమ్మి పెట్టుబడి తెచ్చుకున్న మద్రాస్ రైల్వే కంపెనీ. అదే కంపెనీ బొంబాయి వైపు వేసిన బ్రాడ్‌గేజ్ లైను 1862లో రేణిగుంట చేరింది. 1871లో రాయచూరు దగ్గర బొంబాయి నుంచి వచ్చిన లైనుతో కలిసింది. ఆ ఇంజనీర్ల దృష్టంతా బొంబాయి మీద. తిరుపతి వాళ్ల దారికి పది కిలోమీటర్లు పక్కకు ఉండిపోయింది. దాదాపు ముప్పయ్యేళ్లు యాత్రికులు రేణిగుంటలో దిగి, మిగతా దూరం బండి కట్టించుకునో నడిచో వచ్చారు.

తిరుపతి ఊళ్లోకి రైలు 1891లో వచ్చింది. తెచ్చింది సౌత్ ఇండియన్ రైల్వే. 1874లో రెండు చిన్న కంపెనీలు కలవగా ఏర్పడి, 1890లో లండన్‌లో కొత్తగా రిజిస్టరైన ఈ కంపెనీ తిరుచిరాపల్లి కేంద్రంగా పనిచేసేది. దక్షిణ ఆర్కాటు జిల్లా విల్లుపురం నుంచి కాట్పాడి, చిత్తూరు, పాకాల, చంద్రగిరి, తిరుపతి, రేణిగుంటల మీదుగా గూడూరు దాకా మీటర్ గేజ్ దారి పడింది. పాకాల నుంచి మదనపల్లె రోడ్డు, కదిరి మీదుగా ధర్మవరానికి ఇంకో కొమ్మ సాగింది. 1876–78 కరువులో రాయలసీమలో జనం పిట్టల్లా రాలిపోయాక, ధాన్యం చేరవేయడానికి రైళ్లు కావాలని 1880 నాటి కరువు కమిషన్ గట్టిగా చెప్పింది. సీమలో ఆ దశాబ్దాల్లో వేసిన దారుల వెనక ఆ ఆలోచన ఉంది. తిరుపతి యాత్రికుడు దానికి అదనపు రాబడి. ఆ అదనం కొన్నేళ్లలోనే అసలైపోయింది.

రైలు వచ్చేనాటికి తిరుమల ఆలయం హథీరాంజీ మఠం మహంతుల అజమాయిషీలో ఉంది. కొండమీదికి మోటారు దారి లేదు. నడవలేనివాళ్లు డోలీలో పోవాల్సిందే. మొదటి ఘాట్ రోడ్డును 1944 ఏప్రిల్ 10న మద్రాసు గవర్నర్ ఆర్థర్ హోప్ ప్రారంభించాడు. అంటే రైలుకూ కొండ రోడ్డుకూ మధ్య 53 ఏళ్ల తేడా. అన్నేళ్లూ రైలు దిగిన జనం ఊళ్లో ఒక పూటైనా ఆగక తప్పేది కాదు. స్టేషన్ ఎదుటే గోవిందరాజస్వామి గుడి, దాని చుట్టూ సత్రాలు. దేవస్థానం వారి రెండో సత్రం, మూడో సత్రం స్టేషన్‌ను అంటిపెట్టుకునే వెలిశాయి. ఆ తర్వాత వచ్చిన విష్ణునివాసం కూడా స్టేషన్ ఎదురుగానే. తిరుపతిలో స్టేషన్ చుట్టూ ఊరు పెరగలేదు, సత్రాలు పెరిగాయి. ఊరు ఆ సత్రాల వెనక పెరిగింది.

సౌత్ ఇండియన్ రైల్వే 1944లో ప్రభుత్వపరమైంది. 1951 ఏప్రిల్ 14న మరికొన్ని రైల్వేలతో కలిసి సదరన్ రైల్వే అయింది. గుంతకల్లు డివిజన్‌తో పాటు ఈ దారి 1977 అక్టోబర్‌లో దక్షిణ మధ్య రైల్వేకు మారింది. విశాఖపట్నం కేంద్రంగా దక్షిణ కోస్తా జోన్‌ను 2019లో ప్రకటించినప్పుడు గుంతకల్లును అందులో చేర్చారు. యజమానులు ఇన్నిసార్లు మారినా, పాకాల వైపు ఒంటి పట్టాల దారి మాత్రం అలాగే ఉంది. గేజ్ మారింది, పట్టాలు మారాయి, కరెంటు తీగ వచ్చింది. పాకాల–ధర్మవరం మీటర్ గేజ్ బ్రాడ్‌గేజ్‌గా మారడానికి 2010 దాకా పట్టింది.

అదే కంపెనీ, రెండు ఊళ్లు

ఇక్కడ కాస్త ఆగి చూడాలి. తిరుపతికి రైలు తెచ్చిన సౌత్ ఇండియన్ రైల్వేనే 1931లో మద్రాసు బీచ్ నుంచి తాంబరానికి మీటర్ గేజ్ మీద కరెంటు లోకల్ బండ్లు నడిపింది. దక్షిణాదిలో అసలైన శివారు రైలు అదే. ఆ దారిలో మాంబళం స్టేషన్, దాని పక్కనే 1920ల్లో చెరువు పూడ్చి కట్టిన త్యాగరాయనగర్ ఒకదాన్నొకటి పెంచుకున్నాయి. గుమాస్తాలు మాంబళంలో ఇల్లు తీసుకుని ఎగ్మూరుకో బీచ్‌కో రైల్లో ఉద్యోగానికి పోయే అలవాటు అక్కడ పుట్టింది. ఒకే కంపెనీ, ఒకే గేజ్. మద్రాసులో దాని కన్ను రోజూ వచ్చే గుమాస్తా మీద పడింది, తిరుపతిలో ఏడాదికోసారి వచ్చే భక్తుడి మీద పడింది. వ్యాపారం చేసే కంపెనీగా రెండుచోట్లా దాని లెక్క సరైనదే.

ప్రైవేటు రైల్వేలు ఇంకా బతికి ఉన్న జపాన్‌లో ఇదే కథ ఇంకోలా నడిచింది. అక్కడ చాలా ప్రైవేటు లైన్లు మొదలైంది కూడా గుళ్ల కోసమే. 1899 జనవరి 21న కావాసాకిలో రెండు కిలోమీటర్ల చిన్న కరెంటు లైను మొదలైంది. పేరు దైషి ఎలక్ట్రిక్ రైల్వే. కోబో దైషి అనే బౌద్ధాచార్యుడి పేరిట వెలసిన హెయికెన్‌జి ఆలయానికి భక్తులను చేరవేయడం దాని పని. నెలనెలా ఆ గుడికి పర్వదినమైన 21వ తేదీనే ప్రారంభానికి ముహూర్తంగా పెట్టుకున్నారు. ఇప్పటి కెయిక్యూ కంపెనీ ఆ చిన్న లైను నుంచి పెరిగిందే. తోక్యో నుంచి నరితా ఆలయానికి భక్తులను తీసుకుపోవాలని 1909లో కెయిసెయి కంపెనీ పుట్టింది. ఒసాకా వైపు నాన్‌కాయి కంపెనీ లైను కోయా కొండ మీది మఠాల వైపు పోతుంది.

తేడా తర్వాతి అడుగులో ఉంది. పండుగ రోజుల్లో నిండి, మిగతా రోజుల్లో ఖాళీగా తిరిగే బండ్లతో కంపెనీ నిలవదని వాళ్లకు త్వరలోనే తెలిసింది. 1910లో ఒసాకా ఉమెదా నుంచి తకరజుకకు, మినో కొండలకు లైను వేసిన కొబాయాషి ఇచిజో దానికి దారి చూపాడు. లైను పక్కన పొలాలు ముందే కొని, ఇళ్లు కట్టి, జీతగాళ్లకు వాయిదాల మీద అమ్మాడు. ఒక కొసన ఆడపిల్లల నాటక బృందం, ఇంకో కొసన 1929లో స్టేషన్ మీదే పెద్ద డిపార్ట్‌మెంట్ స్టోరు పెట్టాడు. పొద్దున జనం ఊళ్లోకి, సెలవు రోజున ఊరి బయటికి. బండి రెండు వైపులా నిండుతుంది. ఇప్పటి హాంక్యూ రైల్వే అదే. కావాసాకి దైషి లైను కూడా అంతే. గుడి స్టేషన్ ఇంకా ఉంది, కొత్త సంవత్సరం రోజున కిటకిటలాడుతుంది. మిగతా రోజుల్లో ఆ బండ్లు ఎక్కేది దారి పొడవునా ఉన్న కార్ఖానాల కార్మికులు. సుజుకిచో అనే స్టేషన్ అజినొమొటో కార్ఖానా గోడను ఆనుకుని ఉంటుంది.

తిరుపతి లైనుకు ఈ రెండో అడుగు పడలేదు. పడకపోవడానికి కారణం చేతకానితనం కాదు. తిరుపతి యాత్రికుడు పండుగకు మాత్రమే వచ్చేవాడు కాదు, ఏడాది పొడవునా వస్తాడు. బండి ఖాళీగా తిరిగే రోజు లేదు. ఊళ్లోవాళ్లను వెతుక్కోవాల్సిన అవసరం రైల్వేకు కలగలేదు.

స్టేషన్లు

రేణిగుంట జంక్షన్ వయసులో పెద్దది, 1862 నాటిది. మద్రాసు–బొంబాయి దారి, గూడూరు దారి, తిరుపతి దారి ఇక్కడ కలుస్తాయి. తిరుపతిలోకి బ్రాడ్‌గేజ్ రాకముందు యాత్రికులు పెద్ద బండి దిగి, మూటా ముల్లే నెత్తిన పెట్టుకుని చిన్న బండికి మారిన చోటు ఇదే. ఊరి బతుకంతా రైల్వే కాలనీ చుట్టూ తిరిగేది. ఇప్పుడు విమానాశ్రయం, పారిశ్రామికవాడ కూడా ఇటువైపే ఉన్నాయి. ముంబయి, హైదరాబాదుల నుంచి చెన్నైకి పోయే దూరప్రాంతపు బండ్లు కొన్ని తిరుపతి ఊళ్లోకి రావు, రేణిగుంటతో సరిపెడతాయి. అలాంటి బండి తెల్లవారుజామున దిగినవాళ్లకు తిరుపతి ఇంకా పది కిలోమీటర్లే, ఆటోవాడి ధర మాత్రం ఆ వేళను బట్టి ఉంటుంది.

తిరుచానూరు పద్మావతి అమ్మవారి ఊరు. చాలా కాలం ప్యాసింజరు బండ్లు క్షణం ఆగి పోయే చిన్న స్టేషన్. తిరుపతి మీది ఒత్తిడి తగ్గించాలని దీన్ని పెంచారు. కొత్త భవనం, కొత్త ప్లాట్‌ఫారాలు వచ్చాయి. రైల్వే వాళ్లు శాటిలైట్ స్టేషన్ అంటారు. అది కూడా యాత్రికుల లెక్కతో వచ్చిన పెంపే.

తిరుపతి స్టేషన్ గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు, చూడని తెలుగువాళ్లు తక్కువ. ఏడుకొండల్లో నాలుగు కొండలు ఇటు వచ్చే బండ్ల పేర్లయ్యాయి: నారాయణాద్రి, వేంకటాద్రి, గరుడాద్రి, శేషాద్రి. ఏడింటినీ కలిపి సప్తగిరి, అమ్మవారి పేరుతో పద్మావతి. సికింద్రాబాదు నుంచి వందేభారత్ 2023 ఏప్రిల్ 8న మొదలైంది. దాదాపు 300 కోట్ల రూపాయలతో స్టేషన్‌ను ఉత్తరం, దక్షిణం రెండు వైపులా కొత్తగా కట్టే పని 2022లో అప్పగించారు. దక్షిణం వైపు ద్వారం ఊరివాళ్లకు నిజంగా పనికొచ్చేది. పట్టాలు నగరాన్ని ఉత్తర దక్షిణాలుగా రెండు చీలికలు చేశాయి. రాయలచెరువు రోడ్డు గేటు పడితే అటువాళ్లు అటే, ఇటువాళ్లు ఇటే.

తిరుపతి వెస్ట్ హాల్ట్ ఈ వరసలో అన్నిటికన్నా చిన్నది. ఊరి అవసరం కొద్దీ చూస్తే అన్నిటికన్నా ముఖ్యమైనది కావాల్సింది కూడా ఇదే. ఇది ఎందుకు హాల్టుగా మిగిలిందో తెలియాలంటే ముందు నగరం ఎటు పెరిగిందో చూడాలి. 1954లో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, 1983లో పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం, అలిపిరి రోడ్డు మీద రుయా ఆసుపత్రి, స్విమ్స్. పెద్ద చదువులూ పెద్ద వైద్యమూ అన్నీ నగరం పడమటి సగంలోనే వెలిశాయి. దారికి ఇంకాస్త పడమట శెట్టిపల్లిలో రైల్వే వాళ్లదే కారేజ్ రిపేర్ షాపు ఉంది. పెట్టెలు మరమ్మతు చేసే ఆ వర్క్‌షాపును ఊరివాళ్లు సీఆర్‌ఎస్ అంటారు. చంద్రగిరి వైపు నుంచి బండిలో వచ్చే విద్యార్థినికి, రోగికి, వర్క్‌షాపు ఉద్యోగికి దిగడానికి అనువైన చోటు వెస్టే. ఎక్స్‌ప్రెస్ బండ్లు మాత్రం ఆగవు, ప్యాసింజరు బండ్లను నమ్ముకోవాలి. పడమటి నుంచి వచ్చినవాళ్లు తూర్పున ఉన్న పెద్ద స్టేషన్ దాకా పోయి, ఆటో ఎక్కి మళ్లీ పడమటికి వస్తారు.

వెస్ట్ అన్న మాట ఊళ్లో చాలామందికి స్టేషన్‌ను గుర్తుకు తేదు, వెస్ట్ చర్చి దగ్గరి రైల్వే అండర్‌బ్రిడ్జిని గుర్తుకు తెస్తుంది. వాన గట్టిగా పడితే అందులో నీళ్లు నిలుస్తాయి. 2021 అక్టోబర్‌లో ఒక రాత్రి దర్శనానికి వచ్చిన కర్ణాటక కుటుంబం వాహనం ఆ నీటిలో చిక్కుకుని, కొత్తగా పెళ్లయిన అమ్మాయి ప్రాణం పోయింది. పట్టాల మీద బండి ఆగే ఏర్పాటు, పట్టాల కింద మనుషులు దాటే ఏర్పాటు రెండూ శివారు స్టేషన్ పనిలో భాగమే. ఇక్కడ రెండింటికీ దక్కిన శ్రద్ధ ఒకే పాటిది.

చంద్రగిరి విజయనగర రాజుల చివరి రాజధానుల్లో ఒకటి. రాజమహల్ ఉంది, కింద కోట గోడలు ఉన్నాయి. స్టేషన్ తిరుపతికి పన్నెండు కిలోమీటర్ల లోపే. ఆ తర్వాతి కోటాల, ముంగిలిపట్టు, పనపాకం పల్లెటూరి స్టేషన్లు. చెరుకు, వేరుశనగ, మామిడి తోటల మధ్య నుంచి దారి పాకాల చేరుతుంది. పాకాల జంక్షన్‌కు మీటర్ గేజ్ రోజుల్లో ఉన్న సందడి వేరు. ఒకవైపు కాట్పాడి, ఇంకోవైపు ధర్మవరం, మూడోవైపు గూడూరు బండ్లు అక్కడ కలిసేవి.

హాల్టు నడిచే విధం

స్టేషన్‌కూ హాల్టుకూ తేడా భవనంలో ఉండదు, అధికారంలో ఉంటుంది. స్టేషన్‌లో స్టేషన్ మాస్టరు ఉంటాడు. పక్క స్టేషన్‌తో మాట్లాడి, లైన్ క్లియర్ తీసుకుని బండిని వదులుతాడు. ఒంటి పట్టాల దారిలో ఎదురు బండిని ఎక్కడ ఆపాలో తేల్చడం అతని చేతిలో పని. మీటర్ గేజ్ కాలంలో ఈ అనుమతికి గుర్తుగా టోకెన్ ఇచ్చేవారు. ఇనుప గుండును తోలు సంచిలో పెట్టి, పెద్ద రింగుకు తగిలించి, కదిలే బండిలోని డ్రైవరుకు అందించేవారు. డ్రైవరు పాత టోకెన్ రింగును విసిరి, కొత్తది మోచేతికి తగిలించుకునేవాడు. ఆ టోకెన్ చేతికి రానిదే బండి ముందుకు పోయేది కాదు.

హాల్టులో ఇవేవీ ఉండవు. సిగ్నలు లేదు, స్టేషన్ మాస్టరు లేడు, పక్క పట్టా లేదు. పట్టికలో రాసి ఉంది కాబట్టి డ్రైవరు ఆపుతాడు, వెనక పెట్టెలోంచి గార్డు జనం దిగారో ఎక్కారో చూసి జెండా ఊపుతాడు, బండి పోతుంది. గార్డు హోదా పేరును 2022లో ట్రైన్ మేనేజర్ అని మార్చారు. జనం నోట ఇంకా గార్డే. చాలా హాల్టుల్లో టికెట్లు అమ్మేది రైల్వే ఉద్యోగి కూడా కాదు, కమీషన్ మీద నియమించిన స్థానిక ఏజెంటు. దగ్గరి పెద్ద స్టేషన్ నుంచి టికెట్లు ముందే డబ్బు కట్టి తెచ్చుకుని, బండి వేళకు కిటికీ తెరుస్తాడు. కంప్యూటరు రాకముందు అవి చిన్న అట్ట ముక్కలు, మీద అచ్చు వేసిన నెంబరు. కిటికీ పక్కన ఇనుప యంత్రంలో ఒక దెబ్బ కొడితే తేదీ పడేది. అమ్మకం తగ్గితే ఏజెంటుకు గిట్టదు. ఏజెంటు మానేస్తే కిటికీ మూత పడుతుంది. టికెట్లు అమ్ముడుపోవడం లేదన్న లెక్క అప్పుడు తనంతట తానే నిజమవుతుంది, ఆ లెక్క చూపి బండి ఆపడం మానేస్తారు. దేశంలో కొన్ని హాల్టులు ఇలాగే అంతరించాయి.

ప్లాట్‌ఫారం ఎత్తు చూస్తే స్టేషన్ స్థాయి తెలిసిపోతుంది. రైల్వే కొలతల్లో ఎత్తు ప్లాట్‌ఫారం 760 నుంచి 840 మిల్లీమీటర్లు, తక్కువ ఎత్తుది 455. మూడోది పట్టాలతో సమానంగా కంకర, మట్టి పరిచింది. మూడో రకంలో దిగాలంటే పెట్టె మెట్లు పట్టుకుని వెనక్కి తిరిగి దిగాలి. పాలక్యాను, పూలగంప, చంకలో బిడ్డ ఉన్నవాళ్లకు బండి ఆగే ఆ కాసేపు చాలదు. జపాన్ ప్రైవేటు లైన్లలో చిన్న శివారు స్టేషన్ అయినా ప్లాట్‌ఫారం పెట్టె గుమ్మంతో ఇంచుమించు సమానంగా ఉంటుంది. బండి అరనిమిషంలో కదలగలిగేది అందువల్లే. మన దగ్గర హాల్టులో బండి ఆలస్యమవుతోందని ఫిర్యాదు చేసే అధికారులు ముందు ఆ ఎత్తు కొలవాలి.

రోజూ తిరిగేవాళ్లు

ఈ దారిలో రోజువారీ ప్రయాణికుడి ఆధారం ప్యాసింజరు బండి, మెము అనే కరెంటు బండి. అరక్కోణం, చెన్నై, నెల్లూరు, కాట్పాడి వైపుల నుంచి తిరుపతికి మెములు నడుస్తాయి. దీనికి తోడు సీజన్ టికెట్. 150 కిలోమీటర్ల లోపు దూరానికి నెలకో, మూడు నెలలకో తీసుకుంటారు. విడివిడిగా టికెట్లు కొన్నదాంట్లో సగం కూడా కాదు. విద్యార్థులకు ఇంకా తక్కువ.

2020 మార్చిలో కరోనాతో బండ్లన్నీ ఆగాయి. తిరిగి మొదలైనప్పుడు ఎక్స్‌ప్రెస్‌లు ముందు, ప్యాసింజర్లు ఆఖరున వచ్చాయి. అవి కూడా ఎక్స్‌ప్రెస్ స్పెషల్ అన్న పేరుతో వచ్చాయి. పెట్టెలు అవే, ఆగే చోట్లు ఇంచుమించు అవే, కనీస ఛార్జీ మాత్రం 10 నుంచి 30 రూపాయలైంది. చంద్రగిరిలో ఎక్కి తిరుపతిలో దిగే మనిషికి బస్సు అంతకన్నా చౌక. 2024 ఫిబ్రవరి చివర్లో కనీస ఛార్జీ మళ్లీ 10 రూపాయలకు దిగింది. ఆ నాలుగేళ్లలో రైలు అలవాటు తప్పినవాళ్లు చాలామంది బస్సుకో, ఏడుగురిని కూర్చోబెట్టే షేర్ ఆటోకో, సొంత బండికో స్థిరపడిపోయారు.

నిజానికి తిరుపతిలో రైలుకు పోటీ ఎప్పుడూ బస్సే. రేణిగుంటకు, చంద్రగిరికి, శ్రీకాళహస్తికి బస్సు కోసం ఎక్కువసేపు నిలబడక్కర్లేదు. ఒంటి పట్టాల మీద బండి ఎదురు ఎక్స్‌ప్రెస్ కోసం ఎంతసేపు ఆగుతుందో ఎక్కినవాడికి తెలియదు. క్రాసింగ్ పడిందంటే పన్నెండు కిలోమీటర్లు గంట కూడా పడుతుంది. కొత్త అవకాశం తూర్పు వైపు ఉంది. ఐఐటీ, ఐసర్ ఏర్పేడు దగ్గర వెలిశాయి. గూడూరు–రేణిగుంట దారిలో ఏర్పేడుకు సొంత స్టేషన్ ఉంది. అక్కడి పిల్లలకూ సిబ్బందికీ తిరుపతి నుంచి వేళకు నడిచే మెము ఉంటే రోడ్డు మీద రద్దీ కొంత తగ్గుతుంది.

అసలైన శివారు స్టేషన్

విచిత్రమేమంటే, రోజువారీ లోకల్ బండ్లు నిజంగా నడిచే స్టేషన్లు తిరుపతి జిల్లాలో ఉన్నాయి, తిరుపతి దగ్గర లేవు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలను పునర్విభజించినప్పుడు పాత నెల్లూరు జిల్లాలోని సూళ్లూరుపేట, తడ తిరుపతి జిల్లాలోకి వచ్చాయి. చెన్నై సబర్బన్ ఉత్తరపు లైను గుమ్మిడిపూండి దాటి, తడ మీదుగా సూళ్లూరుపేట దాకా వస్తుంది. చెన్నై నుంచి 80 కిలోమీటర్ల పైచిలుకు. పొద్దున అటు, సాయంత్రం ఇటు పోయే ఉద్యోగులు, శ్రీహరికోటలో పనిచేసేవాళ్లు, తడ దగ్గరి శ్రీసిటీ కార్మికులు ఆ బండ్లకు ఆధారం. 2008లో మొదలైన శ్రీసిటీలో ఇసుజు, కొబెల్కో, డైకిన్ లాంటి జపాన్ కంపెనీలే బోలెడు. స్టేషన్ నుంచి కార్ఖానా దాకా కంపెనీ బస్సులు తిరుగుతాయి. గుడి కోసం కాక ఉద్యోగం కోసం రైలెక్కే జనం జిల్లాలో ఇంత దట్టంగా ఉన్న చోటు ఇంకోటి లేదు. జిల్లా కేంద్రం కన్నా చెన్నై దగ్గర కావడమే దానికి కారణం.

తెలుగు రాష్ట్రాల్లో ఈ పద్ధతికి ఇంకో ఉదాహరణ హైదరాబాదు ఎంఎంటీఎస్ లోకల్ రైలు. 2003 ఆగస్టులో మొదలైంది. లింగంపల్లి, హఫీజ్‌పేట లాంటి చిన్న స్టేషన్లు ఐటీ ఉద్యోగాలతో శివారు స్టేషన్లుగా మారాయి. అదీ ఉన్న పట్టాల మీదే, దూరప్రాంతపు బండ్లతో పంచుకునే నడుస్తుంది. కాబట్టి వేరే పట్టాలు వేస్తే తప్ప లోకల్ రైలు రాదన్న మాట పూర్తిగా నిజం కాదు. కనీసం రెండో పట్టా కావాలన్నది మాత్రం నిజం.

ఆ రెండో పట్టాకు అనుమతి 2025 ఏప్రిల్ 9న వచ్చింది. తిరుపతి–పాకాల–కాట్పాడి మధ్య 104 కిలోమీటర్ల డబ్లింగ్‌కు సుమారు 1,332 కోట్ల రూపాయలు కేంద్ర మంత్రివర్గం మంజూరు చేసింది. దారి పక్కన దాదాపు 400 పల్లెలు, 14 లక్షల జనాభాకు మేలని ప్రకటనలో చెప్పారు. తిరుమల, శ్రీకాళహస్తి, కాణిపాకం యాత్రికుల పేర్లూ అందులో ఉన్నాయి. రెండో పట్టా వేసేటప్పుడు చిన్న స్టేషన్లలో ప్లాట్‌ఫారాలు ఎలాగూ మార్చాలి, కొత్త పట్టా వైపు ఇంకో ప్లాట్‌ఫారం కట్టాలి, దాటడానికి వంతెన వేయాలి. వెస్ట్ హాల్ట్‌లో ఆ కొత్త ప్లాట్‌ఫారాన్ని 455 మిల్లీమీటర్ల ఎత్తున కడతారా, 760 ఎత్తున కడతారా, మెము పొడవుకు సరిపడా కడతారా అన్నది నక్షా దశలోనే తేలిపోయే విషయం. విశ్వవిద్యాలయాలు, ఆసుపత్రులు, నగరపాలక సంస్థ అడగాల్సింది ఆ దశలోనే.